అడవిలో దారి తప్పితే దిక్కెవరు?

దొరవారిసత్రం: ఈ ఊరి పేరులోనే సత్రం ఉంది. నెల్లూరు నుంచి చెన్నపట్నానికి కాలినడకన, ఎడ్లబండ్ల మీద సాగిన బాటసారులకు పొద్దుగూకే వేళకు తలదాచుకునే చోటు ఎంత అవసరమో ఆ పేరే చెబుతుంది. ఇప్పుడు జాతీయ రహదారి మీద చెన్నై దాదాపు రెండు గంటల ప్రయాణం. సత్రంలో దిగవలసిన అవసరం ఎవరికీ లేదు. అయినా చలికాలం వచ్చేసరికి ఈ ప్రాంతానికి కొత్త తరహా బాటసారులు వస్తున్నారు. వీపున సంచి, సంచిలో మడతపెట్టిన గుడారం, చేతిలో ఫోను. పగలు నేలపట్టులో పక్షులను చూసి, పులికాట్ ఒడ్డున ఫొటోలు దిగి, పడమటి కొండల్లోని ఉబ్బలమడుగు జలపాతం చేరి, వీలైతే ఆ రాత్రి ఆరుబయటే గడపాలన్నది వారి ముచ్చట.

ఆ ముచ్చటను తప్పుపట్టనక్కర్లేదు. నేలపట్టు చెరువులో నీట మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకునే దృశ్యం చూడడానికి ఎంత దూరమైనా రావచ్చు. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిగింది. నేలపట్టు, సూళ్లూరుపేట, అటకానితిప్ప, భీములవారిపాళెంతో పాటు ఉబ్బలమడుగునూ ఆ ఏడు వేదికల్లో చేర్చారు. పర్యాటకం పెరిగితే స్థానికులకు నాలుగు రూపాయలు వస్తాయి. చిక్కంతా మరోచోట ఉంది. జనాన్ని రప్పించడం మీద ఉన్న శ్రద్ధ, వచ్చినవారు తిరిగి క్షేమంగా బయటపడ్డారో లేదో చూసుకోవడం మీద లేదు. వచ్చేవారికీ ఆ ధ్యాస తక్కువే. ఉబ్బలమడుగు అడవిలో దారి తప్పినవారు, మడుగుల్లో మునిగినవారు ఈ జిల్లా పాఠకులకు కొత్త వార్త కాదు. 2025 ఆరంభంలో శేషాచలం అడవిలోని గుంజన జలపాతం చూడబోయి దారి తప్పిన విద్యార్థుల్లో ఒకరు ప్రాణాలు కోల్పోయారు.

వీరాస్వామయ్యకు తెలిసిన విద్య

డేరాలతో దూరప్రయాణం తెలుగువారికి నిన్న మొన్న వచ్చిన సరదా కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో, డేరాలతో కాశీకి బయలుదేరారు. తూర్పు తీరం వెంట నెల్లూరు మీదుగా తిరిగివచ్చి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రను యాత్రావర్ణనగానే చదువుతాం కానీ, ఆరుబయట బస చేసేవారికి అందులో ఉన్నంత పనికొచ్చే సమాచారం మరోచోట దొరకదు. ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎంత దూరం, దారి ఇసుకా రాయా, నీళ్లు ఉన్నాయా, అంగళ్లు ఉన్నాయా అన్నది ఆయన ఏ ఊరికి ఆ ఊరు రాసుకుంటూ పోయారు. ఆ సంగతులను ఎప్పటికప్పుడు మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు తెలియజేస్తూ వచ్చారు.

ఇక్కడ గమనించవలసినది ఆ ఉత్తరాల సంగతి. తంతి లేని, రైలు లేని కాలంలో కూడా ఆ బృందం ఏ దారిన పోతోందో మద్రాసులో ఒకరికి తెలుసు. ఇవాళ చేతిలో ఫోను పెట్టుకుని కొండెక్కే కుర్రవాడి సంగతి చాలాసార్లు కన్నవారికే తెలియదు. స్నేహితుడి గదికని చెప్పి బయలుదేరుతాడు. ఎక్కడ వెతకాలో తెలియక ఆ రాత్రంతా ఇంటివాళ్లు స్నేహితుల ఇళ్ల చుట్టూ తిరుగుతారు.

గాలింపు ఎంత కష్టమో

మనిషి కనబడకుండా పోతే పోలీసులు వస్తారు, హెలికాప్టర్ వస్తుంది, గంటలో తీసుకొస్తారని నగరవాసుల నమ్మకం. అది ఎంత అమాయకమైన నమ్మకమో తెలుగువారు ఒకసారి కళ్లారా చూశారు. 2009 సెప్టెంబరు 2 ఉదయం అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. రాష్ట్ర యంత్రాంగం, కేంద్ర బలగాలు, వైమానిక దళం, ఇస్రో, అటవీ గ్రామాల ప్రజలు కలిసి నల్లమలను గాలించారు. పావురాలగుట్ట మీద శకలాలు కనబడేసరికి మరునాటి ఉదయమైంది. బయలుదేరిన చోటు, వెళ్లవలసిన చోటు, ప్రయాణించే మార్గం తెలిసి, దేశం మొత్తం వెతికినా ఒక రాత్రి గడిచిపోయింది. ఏ అడవికి వెళ్లాడో కూడా తెలియని ఒక్క మనిషిని వెతకడానికి ఎన్ని రోజులు పడుతుందో ఊహించుకోవచ్చు.

కాబట్టి ఆరుబయట బసకు సంబంధించిన మొదటి జాగ్రత్త కొనుక్కునే వస్తువు కాదు. ఇంట్లో ఒకరికి ఒక కాగితం రాసి ఇవ్వాలి. ఎక్కడికి, ఏ దారిన, ఎవరెవరు, బండి నంబరు, ఎక్కడ నిలుపుతారు, ఎప్పటికి తిరిగి ఫోను చేస్తారు, ఆ వేళకు చేయకపోతే ఎవరికి చెప్పాలి. అనుకున్న దారి మారితే ఆ మార్పు కూడా చెప్పాలి. దీనికి కాణీ ఖర్చు లేదు.

తిరిగిన చోటే తిరగడం

రాత్రివేళ పొలం నుంచి ఇంటికి బయలుదేరిన మనిషి తెల్లవార్లూ నడిచి మళ్లీ అదే గట్టు మీద తేలితే, కొరివిదయ్యం దారి మళ్లించిందని పల్లెల్లో అనుకోవడం ఉంది. దయ్యం సంగతి ఎలా ఉన్నా, తిరిగిన మాట మాత్రం అబద్ధం కాకపోవచ్చు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కొందరిని అక్కడి ఒక అడవిలోనూ, సహారా ఎడారిలోనూ గంటల తరబడి నడిపించి, వారి అడుగుజాడలను ఉపగ్రహ పరికరాలతో నమోదు చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. సూర్యుడో చంద్రుడో కనిపిస్తున్నంతసేపు వారు దాదాపు తిన్నగానే నడిచారు. మబ్బు కమ్మిన రోజున అడవిలో నడిచినవారు వలయాలు తిరిగారు. తాము దాటిన దారినే మళ్లీ దాటుతున్నామని కూడా వారికి తెలియలేదు. కళ్లకు గంతలు కట్టి నడిపిస్తే కొందరు ఇరవై మీటర్ల వలయంలోనే చుట్టుతిరిగారు.

దారి తప్పినట్టు తెలిసిన క్షణాన గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, కాళ్లు వాటంతటవే వేగం అందుకుంటాయి. ఆ భయం పిరికితనం కాదు. మనిషి శరీరానికి ఉన్న సహజ గుణం. చేటు తెచ్చేది భయం కాదు, భయంతో నడిచే నడక. వెతికేవారు మొదట వెళ్లేది మీరు చివరిగా కనబడిన చోటికి. ఒక్కొక్క గంట నడకతో మీరు ఆ చోటికి దూరమవుతారు, వెతకవలసిన అడవి మరింత పెద్దదవుతుంది. అందుకే తోచినదే తడవుగా కూర్చోవాలి. నీళ్లు తాగాలి. పది నిమిషాలు ఏ నిర్ణయమూ చేయకూడదు. ఆ తర్వాత వచ్చిన దారి కచ్చితంగా గుర్తుంటేనే, కొమ్మకు గుడ్డముక్క కట్టుకుంటూ కొద్ది దూరం వెనక్కి వెళ్లి చూడవచ్చు. గుర్తు లేకపోతే ఉన్నచోటే ఉండాలి. వాగు వెంట దిగితే ఊరు వస్తుందన్న సలహా మైదానంలో సరే. ఉబ్బలమడుగు లాంటి చోట వాగు వెంట దిగితే ఊరి కంటే ముందు వచ్చేది జలపాతం అంచు.

మరొక చిన్న మెలకువ. వెళ్లేటప్పుడు అప్పుడప్పుడు ఆగి వెనక్కి తిరిగి చూడాలి. తిరుగు ప్రయాణంలో కనిపించేది ఆ రూపమే. వెళ్లేటప్పుడు ఎదురుగా చూసిన బండ, వచ్చేటప్పుడు వెనుక వైపు నుంచి వేరే బండలా ఉంటుంది.

మన ఆకాశం వేరు

దిక్కులు తెలుసుకునే ఉపాయాలని ఇంటర్నెట్‌లోనూ, స్కౌటింగ్ పుస్తకాల్లోనూ కనిపించేవి చాలావరకు శీతల దేశాలవారు తమ ఆకాశాన్ని చూసి రాసుకున్నవి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడన్నది అందులో ఒకటి. దొరవారిసత్రం 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి వరకు ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన గానీ, కొంచెం ఉత్తరంగా గానీ ఉంటాడు. వేసవి సెలవుల్లో వచ్చినవాడు గడియారపు ముల్లుతో దక్షిణం కనిపెట్టబోతే సరిగ్గా ఎదురు దిక్కు పట్టవచ్చు. ఉదయం, సాయంత్రం సూర్యుడిని నమ్ముకోవడమే క్షేమం.

ధ్రువ నక్షత్రం సంగతీ అంతే. ఏ ఊరి అక్షాంశం ఎంతో ఆ ఊరిలో ధ్రువుడు దిగ్మండలానికి అంత ఎత్తునే కనిపిస్తాడు. ఇక్కడ 14 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, అంటే పిడికిలిన్నర ఎత్తు. ఒక చెట్టు అడ్డం వచ్చినా, పులికాట్ మీద మంచు పట్టినా కనబడడు. చలికాలపు రాత్రుల్లో అంతకంటే నమ్మదగినవి వరుసగా మెరిసే మూడు చుక్కలు, పల్లెల్లో గొల్లకావడి అంటారు. అవి దాదాపు నేరుగా తూర్పున పొడిచి, నేరుగా పడమట గ్రుంకుతాయి.

పొద్దు ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మాత్రం పనికొచ్చే కొలత ఒకటుంది. చేయి చాచి, దిగ్మండలానికి సూర్యుడికి నడుమ నాలుగు వేళ్లు పడితే ఇక్కడ ఇంకా సుమారు అరగంట ఉన్నట్టు. కొండల నడుమ అయితే అందులో సగమే లెక్క వేసుకోవాలి, ఎందుకంటే కొండ చాటున చీకటి ముందే పడుతుంది.

ఇంత చెప్పుకొంటుంటే ఒక విచిత్రం గుర్తుకు రాక మానదు. భూమ్మీద మనిషి ఎక్కడున్నాడో చెప్పే మన దేశపు సొంత ఉపగ్రహాల శ్రేణిలో మొదటిది 2013 జులై 1న పులికాట్ అవతల శ్రీహరికోట నుంచే ఎగిరింది. 2025 జనవరి 29న అక్కడ జరిగిన వందో ప్రయోగం కూడా అలాంటి ఉపగ్రహం కోసమే. అది అనుకున్న కక్ష్యకు చేరలేదన్నది వేరే సంగతి. దిక్కు చూపే ఉపగ్రహాలకు పుట్టినిల్లయిన ఈ తీరానికి కొద్ది దూరంలోనే దిక్కు తెలియక మనుషులు తిరుగాడుతున్నారు.

ఫోను పనికిరాదని కాదు. సిగ్నల్ లేకపోయినా ఫోను ఉపగ్రహాల ద్వారా స్థానాన్ని గుర్తించగలదని, లేనిది పటం మాత్రమేనని చాలామందికి తెలియదు. ఇంట్లో ఉండగానే ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులో దించుకుంటే చాలు. కొండెక్కే ముందు విమాన ప్రయాణపు మోడ్‌లో పెడితే బ్యాటరీ నిలుస్తుంది. ఆపదలో 112కు చేసే కాల్ అందుబాటులో ఉన్న ఏ కంపెనీ నెట్‌వర్క్ ద్వారానైనా వెళ్లవచ్చు. మాట వినబడని చోట కూడా ఒక సంక్షిప్త సందేశం వెళ్లే అవకాశం ఉంది. అందులో అక్షాంశ రేఖాంశాల అంకెలు రాయాలి. ‘పెద్ద బండ పక్కన ఉన్నాం’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

రాత్రి బస ఎక్కడ?

నేలపట్టు, పులికాట్ పక్షుల అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో ప్రవేశించడం, నిప్పు పెట్టడం నేరాలు. గూళ్లు కట్టిన పక్షుల పక్కన పాటలు, మంటలు ఎవరూ అనుమతించరు, అనుమతించకూడదు కూడా. అనుమతి ఉన్న చోట, లేదా రైతును అడిగి తోటలోనో మెట్టపొలంలోనో డేరా వేసుకునేవారికి నాలుగు మాటలు.

సాయంత్రం నాలుగు గంటలకల్లా చోటు చూసుకోవాలి. ఎండిన వాగులోని ఇసుక మెత్తగా, చదునుగా కనబడి ఊరిస్తుంది. అక్కడ మాత్రం వేయకూడదు. ఈ తీరానికి ప్రధాన వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అంటే సరిగ్గా పక్షులూ పర్యాటకులూ వచ్చే కాలంలోనే. ఎగువ కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు రాలకుండానే వాగు వస్తుంది. ఎండుకొమ్మలున్న చెట్టు కిందా, తాటి, కొబ్బరి చెట్ల కిందా వద్దు. కటిక నేల మీద పడుకోకూడదు. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవారినే ఎక్కువగా కాటేస్తుంది. దాని కాటుకు పెద్దగా నొప్పి, వాపు లేకపోవచ్చు కనుక నిద్రలో చీమ కుట్టిందనుకుని ఊరుకున్నవారున్నారు. అడుగు కుట్టేసి ఉన్న డేరాలో జిప్పు పూర్తిగా వేసుకోవాలి, లేదా మంచం మీద దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయకుండా, కదలనీయకుండా విషవిరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి తీసుకుపోవాలి. అవసరమైతే 108 ఉంది.

దారి తప్పడానికి కోసుల దూరం వెళ్లనక్కర్లేదు. అర్ధరాత్రి కాలకృత్యాలకు లేచి డేరా నుంచి యాభై అడుగులు వెళ్లి, తిరిగి ఏ వైపో తెలియక నిలబడిపోయిన అనుభవం చాలామందికి ఉంది, ఈ రాసేవాడితో సహా. ఆ కొద్ది నిమిషాల్లో తెలిసిన భయం ఎన్ని పుస్తకాలు చదివినా తెలియదు. డేరాలో ఒక చిన్న దీపం రాత్రంతా వెలుగుతూ ఉండాలి. లేచినవాడు పక్కవాడిని లేపి చెప్పి వెళ్లాలి, టార్చితో పాటు ఈల కూడా ఉండాలి. అరిచే గొంతు కాసేపటికే బొంగురుపోతుంది, ఈల పోదు. మూడుసార్లు ఊది ఆగడం, మళ్లీ మూడుసార్లు ఊదడం ఆపదకు గుర్తుగా చాలా దేశాల్లో తెలిసినదే.

ఉప్పునీటి మధ్య

పులికాట్ ప్రమాదం అడవి ప్రమాదం లాంటిది కాదు. చిలికా తర్వాత దేశంలో పెద్దదైన ఈ ఉప్పునీటి సరస్సు చాలాచోట్ల మోకాలి లోతే. ఆ లోతు చూసే కొత్తవారు దిగుతారు. అడుగున బురద ఎక్కడ గట్టిదో ఎక్కడ కూరుకుపోయేదో అక్కడి జాలరులకే తెలుసు. చుట్టూ ఒకే రంగు నీరు, ఒకే రంగు ఆకాశం. మంచు పట్టిన ఉదయం ఒడ్డు ఏదో తెలియదు. ఇరకం దీవికి పడవలో వెళ్లేవారు తిరుగు పడవ వేళ అడిగి వెళ్లాలి, తాగునీరు లెక్కకు మించి తీసుకెళ్లాలి. ఎంత నీరు కనబడినా గుక్కెడు తాగడానికి పనికిరాదు.

తలుపు మూస్తే సరిపోతుందా?

ఏదైనా ప్రమాదం జరిగిన వెంటనే ప్రవేశం నిషేధించడం అధికారులకు తేలికైన పరిష్కారం. కానీ నిషేధం ఉన్నచోటికి యువకులు పక్కదారిన వెళ్తారు. దొంగచాటుగా వెళ్లినవాడు ఎవరికీ చెప్పడు, ఆపద వచ్చినా కేసు భయంతో ఫోను చేయడానికి జంకుతాడు. చెప్పకుండా వెళ్లడమే ప్రాణాంతకమైనప్పుడు, చెప్పకుండా వెళ్లేలా చేసే నిషేధం వల్ల మేలెంత?

పొరుగు రాష్ట్రం ఈ పాఠాన్ని భారీ మూల్యం చెల్లించి నేర్చుకుంది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా పర్వతారోహకులు బలయ్యారు. ఆ ఏడాదే తమిళనాడు అటవీ ప్రాంతాల్లో నడకయాత్రలకు నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో 40 దారులను గుర్తించి, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే శిక్షణ పొందిన స్థానిక మార్గదర్శిని వెంట పంపే పద్ధతి ప్రారంభించింది. మన సరిహద్దుకు దగ్గరలోని గుడియం గుహల దారి కూడా అందులో ఉంది.

మన దగ్గర మార్గదర్శులకు కొరత లేదు. శ్రీహరికోట అడవిలో ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో, ఏ పుట్టలో ఏ పాముందో తరతరాలుగా తెలిసిన యానాదులు రాకెట్ కేంద్రం రావడంతో చాలామంది ఆ దీవిని వీడారు. వారి వారసులు కూలిపనులకు పోతున్నారు. దారి చూపే పనికి వారిని మించినవారు లేరు, ఆ పనికి తగిన కూలి ఇచ్చేవారే కరవయ్యారు. ఒకప్పుడు నేలపట్టు నెల్లూరు జిల్లాలో, ఉబ్బలమడుగు చిత్తూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో రెండూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి, అది మా పరిధి కాదనే సాకు ఇక చెల్లదు.

చేయవలసినది కోట్ల పథకమేమీ కాదు. దారి పొడవునా చెట్లకూ బండలకూ వరుస అంకెలతో రంగు గుర్తులు వేస్తే, ఫోను చేసినవాడు చివరిగా చూసిన అంకె చెప్పగలడు. పండుగకు బస్సుల్లో తెచ్చే బడిపిల్లలకు మెడలో ఒక ఈల, తప్పిపోతే దగ్గరి చెట్టును పట్టుకుని అక్కడే ఉండాలన్న ఒక్క మాట ఇవ్వాలి. కాలిఫోర్నియా కొండల్లో తప్పిపోయిన ఒక బాలుడి మరణం తర్వాత 1981 నుంచి అమెరికాలో పిల్లలకు నేర్పుతున్నది ఇదే. ఇక ప్రవేశ రుసుము తీసుకునే బల్ల మీద ఒక పుస్తకం. వెళ్లేటప్పుడు పేరు, ఫోను నంబరు, ఇంటివారి నంబరు. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా సంతకం. గేటు మూసే వేళ సంతకం లేని పేరు ఒక్కటి మిగిలినా, గాలింపు మరునాడు కాక ఆ రాత్రే మొదలవుతుంది.